ఆన్‌లైన్ షాపు ఎక్కడ చూసినా మీదే అని గుర్తుపట్టాలంటే: పేరు నుంచి పార్సిల్ దాకా చేసుకునే పద్ధతి

"అక్కా, మా పేజీ చూస్తే షాపు లెక్క అనిపిస్తలేదు, లోగో మారిస్తే సరిపోతదా?" అని చాలామంది అడుగుతున్నరు. సరిపోదు. నేను వరంగల్ కొత్తవాడల ఇంటి మగ్గాల మీద నేసిన జంపఖానాలు (నేల మీద పరిచే దర్రీలు) ఆన్‌లైన్‌ల అమ్ముత, మా వాడకట్టుల పచ్చళ్లు, కారం, డ్రెస్ మెటీరియల్ అమ్మేటోళ్లకు సుత ఈ పని దగ్గరుండి చేసిపెట్టిన. అందరి దగ్గర నాకు కనిపించింది ఒక్కటే, చెయ్యి మారిన కాడనే తేడా వస్తది. ఫోటో మీరు తీస్తరు, రిప్లై మీ చెల్లె ఇస్తది, స్టిక్కర్ ప్రింటింగ్ ప్రెస్ అతను కొడతడు, పార్సిల్ ఇంకొకరు కడతరు, నలుగురి మనసుల నాలుగు షాపులు ఉంటయి, కొనేటోళ్లకు ఆ నాలుగూ కనిపిస్తయి. కాబట్టి అసలు పని ఏందంటే, ఎవరు చేసినా ఒక్కతీరుగ వచ్చేటట్టు ముందుగాల తేల్చుకొని కాగితం మీద పెట్టుకునుడు. కింద చెప్పిన వరుసలనే చేయండి, వరుస మారితే చేసిన పని మల్ల చేయాల్సి వస్తది.

మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి:

- ఒక నోట్‌బుక్కు, ఎర్ర పెన్ను
- పోయిన నెల పంపిన పార్సిల్ ఒకటి, లేదంటే దాని ఫోటో
- చివరి పది మంది కస్టమర్లతోని జరిగిన చాట్
- మీ షాపుల చెయ్యి పెట్టే అందరు, ఒక్క గంటసేపు

## 1. ఉన్నదంతా ఒక్క దగ్గర పరిచి చూడండి

ఇన్‌స్టా ప్రొఫైల్, వాట్సాప్ బిజినెస్ ప్రొఫైల్, క్యాటలాగ్, గూగుల్ మ్యాప్స్‌ల మీ షాపు, ఫేస్‌బుక్ పేజీ ఉంటే అది, క్యూఆర్ స్కాన్ చేస్తే వచ్చే పేరు, బిల్లు, పార్సిల్ మీది స్టిక్కర్, అన్నిటికీ స్క్రీన్‌షాట్లు, ఫోటోలు తీయండి. తీసి ఒక్క కాగితం మీద ప్రింట్ కొట్టియ్యండి. ఫోన్ల ఒక్కొక్కటి చూస్తే అన్నీ మంచిగనే కనిపిస్తయి, పక్కపక్కన పెడితేనే తెలుస్తది.

ఎర్ర పెన్నుతోని పేరు, రంగు, ఫోన్ నంబరు, అడ్రసు వేరేగ ఉన్న కాడల్లా సున్నా చుట్టండి. మాది మొదటిసారి చూసుకున్నప్పుడు పేరే మూడు తీర్ల ఉంది, ఒక దగ్గర దర్రీలు, ఒక దగ్గర జంపఖానాలు, ఇంకో దగ్గర ఇంగ్లీషుల వేరే స్పెల్లింగు.

మన దిక్కు అడ్రసుది ప్రత్యేకంగ చూడాలె. 2021 ఆగస్టుల వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, రూరల్ జిల్లా వరంగల్ అయింది. పాత బిల్లుబుక్కుల అర్బన్ అని, గూగుల్‌ల హన్మకొండ అని, ఇన్‌స్టాల ఉత్త వరంగల్ అని ఉంటయి. దూరం ఊరోళ్లకు ఇవి మూడు షాపులు అనిపిస్తయి. ఒక్క రాత తేల్చుకొని అన్ని చోట్లా అదే పెట్టండి.

## 2. ఒక్క వాక్యం రాయండి

ఏం అమ్ముతరు, ఎవరికి అమ్ముతరు, పక్కోళ్ల దగ్గర దొరకనిది మీ దగ్గర ఏముంది, ఈ మూడు ఒక్క వాక్యంల రావాలె. మాది ఇది: "కొత్తవాడ మగ్గాల మీద నేసిన కాటన్ జంపఖానాలు, రోజూ వాడే ఇండ్లకు, మీ గది కొలతకు."

రాసినంక పరీక్ష ఏందంటే, మీ పేరు తీసేసి ఇంకో షాపు పేరు పెట్టి చదవండి. అప్పుడు సుత సరిపోతే ఆ వాక్యం మీది కాదు. "నాణ్యమైన వస్తువులు, సరసమైన ధరలకు" అన్నది ఎవ్వలకైనా సరిపోతది. పచ్చళ్లు అమ్మే మా పక్కింటామె "ఇంటి రుచి" అని రాసుకుంది, ఏం చేస్తవో చెప్పు అని అడిగితే ఆర్డర్ వచ్చినంకనే పోపు వేసి కలుపుత అన్నది. అదే రాయమన్న.

ఈ వాక్యం ఉత్తగ రాసుకునేది కాదు. రంగు, ఫోటో, మాట ఏది తేల్చేటప్పుడైనా దీనికే కొలిచి చూడాలె. రోజూ వాడే ఇండ్లకు అని రాసుకున్నం కాబట్టి మేము బంగారు రంగు అక్షరాలు పెట్టుకోలేదు.

## 3. పేరు తేల్చుకోండి

పేరు ఫోన్ల చెప్తే అవతలోళ్లు ఒక్కసారికే రాసుకోగలగాలె. ముగ్గురికి ఫోన్ చేసి చెప్పి, వాళ్లు ఏం రాసిన్రో ఫోటో పంపమనండి, ఇద్దరు తప్పు రాస్తే ఆ పేరు వద్దు.

తర్వాత ఇన్‌స్టాల యూజర్‌నేమ్ దొరుకుతదా చూడండి, 30 అక్షరాలు దాటొద్దు, చివర్ల అంకెలు, గీతలు లేకుంటెనే మంచిది. అదే పేరు ఫేస్‌బుక్‌ల, యూట్యూబ్‌ల సుత ఖాళీగ ఉంటే ఇప్పుడే తీసిపెట్టుకోండి, వాడకపోయినా సరే.

ట్రేడ్‌మార్క్ సంగతి చాలామంది చివరికి పెడతరు, స్టిక్కర్లు కొట్టిచ్చినంక గుర్తొస్తది. ట్రేడ్‌మార్క్ ఆఫీసు వెబ్‌సైట్‌ల ఎవ్వలైనా పైసలు లేకుండ వెతకొచ్చు. క్లాసు, అంటే సరుకు ఏ రకమో చెప్పే నంబరు, తెలిస్తే పని తేలిక: జంపఖానాలు, చాపలు 27, బట్టలు కొలిచి అమ్మేది 24, కుట్టిన డ్రెస్సులు 25, పచ్చళ్లు 29, కారం, మసాలాలు 30. ఆన్‌లైన్‌ల అప్లై చేస్తే ఒక్కో క్లాసుకు సర్కారు ఫీజు సొంత పేరు మీద అయినా, చిన్న సంస్థ అయినా 4,500 రూపాయలు. రిజిస్టర్ అయితే 10 ఏండ్లు ఉంటది, తర్వాత రెన్యువల్. అప్లై చేయకముందు సుత పేరు పక్కన టీఎం అని పెట్టుకోవచ్చు, సున్నాల ఆర్ ఉన్న గుర్తు మాత్రం రిజిస్టర్ అయినంకనే పెట్టాలె, ముందే పెడితే నేరం.

ఊరి పేరు, వస్తువు పేరు కలిపి షాపు పేరు పెట్టుకోవద్దు. ఉత్త ఊరు, సరుకు చెప్పే పేర్లకు ట్రేడ్‌మార్క్ ఇచ్చుడు కష్టం, పైగ వరంగల్ దర్రీలకు 2018ల, వరంగల్ చపాట మిర్చికి 2025ల జీఐ, అంటే ఆ ఊరి సరుకు అని సర్కారు ఇచ్చే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. అంటే ఆ పేరు అక్కడ చేసేటోళ్లందరిది, ఒక్క షాపుది కాదు. ప్యాకెట్ మీద జీఐ గుర్తు పెట్టాలంటే అధీకృత వినియోగదారుగ రిజిస్టర్ చేసుకోవాలె.

## 4. లోగో, రంగు, అక్షరాలు

లోగో మీద నెల రోజులు పెట్టకండి. పేరునే మంచి అక్షరాలల్ల రాస్తే చిన్న షాపుకు అది చాలు. వాట్సాప్, ఇన్‌స్టా ఫోటో గుండ్రంగ కోసి చూపిస్తయి కాబట్టి అందుల పట్టేటట్టు మొదటి అక్షరంతోని ఒక చిన్న గుర్తు చేసుకోండి. దాన్ని చిటికెన వేలి గోరంత చేసి చూడండి, అప్పుడు సుత తెలిస్తెనే పెట్టుకోవాలె.

కాకతీయ తోరణం అంటే నాకు సుత ప్రాణమే, కానీ లోగోల పెట్టకండి. మన ఊర్ల టిఫిన్ సెంటర్ నుంచి టూరిస్టు బస్సు దాకా అందరి మీద అదే ఉంది, దాంతోని మీ షాపును ఎవ్వలు గుర్తుపట్టరు. రాష్ట్ర చిహ్నంల సుత తోరణం ఉంది, ఆ చిహ్నాన్ని చూసి దింపి వ్యాపారానికి వాడుకునుడు చిహ్నాలు, పేర్ల దుర్వినియోగాన్ని ఆపే 1950 చట్టం ప్రకారం కుదరదు.

రంగులు మూడు చాలు. ఒకటి ముఖ్యమైనది, ఒకటి వెనుక పరిచేది, ఒకటి ధర, ఆఫర్ లాంటి చిన్న మాటలకు. మీరు అమ్మే సరుకే రంగురంగులుగ ఉంటే వెనుక రంగు నిమ్మళంగ ఉండాలె. ముఖ్యమైన రంగుకు కోడ్ రాసిపెట్టుకోండి, మా మెరూన్ కోడ్ #801020. మెరూన్ అని నోటితోని చెప్తే ఒకలు వంకాయ రంగు పెడతరు, ఒకలు ఇటుక రంగు పెడతరు.

ఫోన్ల కనిపించే రంగు, కాగితం మీద పడే రంగు ఒక్కటి కావు, మెరిసే గులాబీ, చిలకపచ్చ అయితే మరీ చప్పగ పడతయి. అందుకే వెయ్యి స్టిక్కర్లు ఒక్కసారే కొట్టియ్యకండి. ఒక్క 12×18 అంగుళాల షీటు కొట్టిచ్చి, ఎండల పెట్టి చూడండి. రెండు అంగుళాల స్టిక్కర్లు అయితే ఒక్క షీటుకు 40 దాకా వస్తయి, అవి వాడుకోవచ్చు కూడ. నచ్చితే ఒక ముక్క నోట్‌బుక్కుల అంటిచ్చి, ప్రెస్‌ల పెట్టిన సీఎంవైకే అంకెలు (అచ్చుకు వాడే నాలుగు సిరాల పాళ్లు) దాని పక్కన రాసుకోండి. రేపు వేరే ప్రెస్‌కు పోయినా ఆ ముక్క చూపిస్తే సరి.

ఇగ తెలుగు అక్షరాలు. ఇక్కడ జర ఆగి చేయండి, ఎక్కువమందికి ఇక్కడనే చెడిపోతది.

గూగుల్ ఫాంట్స్‌ల రామభద్ర, మండలి, అనేక్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు లాంటివి ఉచితంగ దొరుకుతయి, వ్యాపారానికి వాడుకోవచ్చు. శీర్షికకు ఒక్కటి, మిగిలిన దానికి ఒక్కటి, రెండు చాలు. ఎంచుకునే ముందు "లక్ష్మి", "స్వచ్ఛం", "రాష్ట్రం", "హస్తకళ" అని రాసి చూడండి, వత్తులు విడిపోయినా, కింద కోసుకపోయినా ఆ ఫాంట్ గాని ఆ యాప్ గాని పనికిరాదు. డిజైన్ యాప్‌ల అక్షరాల మధ్య ఖాళీ పెంచే మీట ఉంటది, ఇంగ్లీషుకు బాగుంటది, తెలుగుల దాన్ని ముట్టుకోవద్దు, వత్తులు చెదిరిపోతయి. లైన్ల మధ్య ఖాళీ మాత్రం ఇంగ్లీషు కంటే ఎక్కువ పెట్టాలె, లేకపోతే పై లైను వత్తు కింది లైను గుడిని తాకుతది.

ఇంకోటి, మన దగ్గర చాలా ప్రెస్‌లల్ల, ఫ్లెక్సీ షాపులల్ల అను ఫాంట్లు వాడతరు, అవి యూనికోడ్ కాదు, అంటే మన ఫోన్లల్ల టైపు చేసే తెలుగు తీరు కాదు. మీరు వాట్సాప్‌ల మ్యాటర్ పంపితే అది అక్కడ పడదు, మల్ల టైపు చేస్తరు, అక్షరాల రూపం మారుతది, తప్పులు సుత దొర్లుతయి. మా మొదటి స్టిక్కర్ల "జంపఖానా" కాస్త "జంపకాన" అయి 400 వచ్చినయి, ప్రూఫ్ ఫోన్ల చిన్నగ చూసి సరే అన్నది నేనే. అప్పటి నుంచి అక్షరాలను కర్వ్స్‌గ, అంటే ఫాంట్ లేకున్నా మారని బొమ్మలెక్క, మార్చిన పీడీఎఫ్ ఇచ్చుడు తప్ప మ్యాటర్ పంపుతలేను.

ప్రెస్‌కు పోయే ముందు:

- కర్వ్స్ చేసిన పీడీఎఫ్ ఉందా
- వెనుక రంగు లేని పీఎన్‌జీ లోగో ఉందా
- ఫోన్ నంబరు ఇంకొకరితోని చదివించి, దానికే ఫోన్ చేసి చూసిన్రా
- ప్రూఫ్ అసలు సైజుల కాగితం మీద చూసిన్రా
- తినే సరుకు అయితే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి సరుకుల లైసెన్సు) నంబరు, శాకాహారం అని చెప్పే పచ్చ గుర్తు, బరువు, తయారీ తేదీ, ఎంఆర్‌పీ, పేరు, అడ్రసుకు జాగ వదిలిన్రా

ఆ చివరిదాన్ని డిజైన్ అయిపోయినంక ఇరికిస్తే లేబుల్ అంతా పాడైతది, మొదలే జాగ పెట్టండి.

## 5. ఫోటోలకు ఒక జాగ, ఒక టైము

మంచి కెమెరా కంటే ఒక్కటే జాగ ముఖ్యం. మా ఇంటి వరండల ఉత్తరం దిక్కు గోడ ఉంది, పొద్దున 8 నుంచి 10 దాకా నీడల మంచి వెలుగు ఉంటది, అక్కడ తప్ప ఇంకెక్కడ తీయం. ట్యూబ్‌లైటు బంద్ చేయాలె, కిటికీ వెలుగు, ట్యూబ్‌లైటు కలిస్తే తెల్లది ఒక పక్క నీలంగ, ఒక పక్క పసుపుగ పడతది.

వరుస ఇది:

1. లెన్స్ మెత్తటి బట్టతోని తుడవండి.
2. సరుకు పక్కన తెల్ల కాగితం పెట్టి ఒక ఫోటో తీయండి, కాగితం తెల్లగ పడితేనే ముందుకు పోండి.
3. స్క్రీన్ మీద సరుకు ఉన్న కాడ వేలు అదిమి పట్టి వెలుతురు లాక్ చేయండి.
4. ప్రతి వస్తువుకు ఐదు ఫోటోలు: మొత్తం, ఒక మూల మడత, నేత దగ్గర నుంచి, వెనుక దిక్కు, సైజు తెలిసేటట్టు కుర్చీ గాని మంచం గాని పక్కన పెట్టి.
5. ఫిల్టర్ వద్దు. 1080×1350 సైజుల కోసి, వస్తువు పేరు, కొలత, రంగుతోని ఫైలుకు పేరు పెట్టండి.

2025 నుంచి ఇన్‌స్టా ప్రొఫైల్‌ల గళ్లు నిలువుగ అయినయి కదా, అంచుల దగ్గర రాసిన ధర, పేరు కోసుకపోతయి. రాతలు నడుమల పెట్టండి.

రంగు సంగతి దాచకండి. ఎర్ర జంపఖానా కొన్న ఒకామె ఫోటోల ఎరుపు వేరే అని బాధపడ్డది, ఆమె అన్నది నిజమే, అది సాయంత్రం లైటుల తీసింది. ఇప్పుడు పొద్దుటి ఫోటో పెడుతూ, "కుంకుమ ఎరుపు కంటే జర ముదురు" అని మాటల సుత రాస్తున్నం.

వేరేటోళ్ల ఫోటో ఒక్కటి సుత పెట్టకండి, కంపెనీ ఇచ్చినా, నెట్‌ల దొరికినా. అట్లనే పవర్‌లూమ్‌ది (కరెంటు మగ్గంది) చేనేత అని రాయకండి, చేనేత గుర్తు (హ్యాండ్లూమ్ మార్క్) రిజిస్ట్రేషన్ లేకుండ అతికించకండి. కొత్తవాడల మగ్గం మీద కూసొని నేసేటోళ్ల కూలి ఆ ఒక్క మాట మీదనే నిలబడ్డది.

## 6. మాట ఒక్కతీరుగ

ఇదే అన్నిటికంటే తొందరగ తెలిసిపోతది. పొద్దున "నమస్తే అండి" అన్న షాపే రాత్రి "హాయ్ డియర్" అంటే కొనేటామెకు అనుమానం వస్తది. ఏమని పిలవాలె, ఏ మాటలు వాడొద్దు, ఎన్ని గంటల దాకా రిప్లై ఇవ్వాలె తేల్చుకోండి. మేము అందరిని "అండి" అంటం, వయసు తెల్వకుండ అక్క, ఆంటీ అనం. వాళ్లు మనల్ని అక్క అంటే అప్పుడు మనం సుత అక్క అంటం.

వాట్సాప్ బిజినెస్‌ల క్విక్ రిప్లైలు (ముందే రాసిపెట్టుకునే జవాబులు) 50 దాకా పెట్టుకోవచ్చు, మీకు ఎనిమిది చాలు. పోయిన పది చాట్లు తీసి ఎక్కువగ అడిగినవి ఏరి, వాటికి జవాబులు అందరు కూసొని రాయండి. మావి రెండు చూపిస్త:

ధర అడిగితే: "నమస్తే అండి. ఇది 4×6 అడుగులు, కాటన్, చేతిమగ్గం. ధర 1,450, పార్సిల్ ఖర్చు 120, మొత్తం 1,570. ఈరోజు చెప్తే ఎల్లుండి కొరియర్‌కు ఇస్తం."

తగ్గియ్యమంటే: "మా దగ్గర అందరికీ ఒక్కటే ధర అండి. రెండు తీసుకుంటే పార్సిల్ ఖర్చు మేమే పెట్టుకుంటం."

ఒకలకు తగ్గిచ్చి ఒకలకు తగ్గియ్యకపోతే ఆ ఇద్దరు ఏదో పెండ్లిల కలుస్తరు. ధర కోసం మెసేజ్ పెట్టుమనుడు సుత మానేయండి, మొత్తం ధర ముందే చూపియ్యాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలే చెప్తున్నయి.

గ్రీటింగ్ మెసేజ్ మొదటిసారి రాసినోళ్లకు, 14 రోజులు మాటలు లేనోళ్లకు తనంతట తానే పోతది, అందుల రెండో పాయింటుల రాసుకున్న వాక్యమే పెట్టండి. ఇన్‌స్టా బయోల 150 అక్షరాలే పడతయి, అక్కడ సుత అదే వాక్యం, కింద ఊరు, ఆర్డర్ ఎట్ల పెట్టాలో.

## 7. పైసలు కట్టే కాడ, పార్సిల్ విప్పే కాడ

క్యూఆర్ స్కాన్ చేయంగనే మీ ఆయన పేరో, మీ మామ పేరో వస్తే కొత్తోళ్లు ఆగిపోతరు. షాపు పేరు కనిపించే మర్చంట్ క్యూఆర్ తీసుకోండి, అది వచ్చేదాకా "పేమెంట్ చేసేటప్పుడు ఈ పేరు కనిపిస్తది, అది మా ఇంటోళ్లదే" అని క్యూఆర్‌తో పాటే పంపండి.

పార్సిల్‌కు ప్రింటెడ్ డబ్బాలు అక్కర్లేదు, మొదట్ల అస్సలు వద్దు. మామూలు అట్టడబ్బా లేదా కొరియర్ కవరు, మీద ఒక రబ్బరు స్టాంపు, లోపల ఒక కార్డు చాలు. కార్డు మీద ఎట్ల ఉతకాలె, రంగు దిగుతదా, తేడా వస్తే ఏ నంబరుకు, ఎన్ని రోజులల్ల చెప్పాలె రాయండి. మాది ఐదు రోజులు అని కార్డు మీద, క్యాటలాగుల, చాట్‌ల ఒక్కటే ఉంది. అన్‌బాక్సింగ్ వీడియో కావాలంటే ఆ మాట పైసలు కట్టకముందే చెప్పాలె, పార్సిల్ చేరినంక కాదు.

## 8. అంతా ఒక్క పేజీల దింపండి

ఇప్పటిదాకా తేల్చుకున్నవన్నీ ఒక్క ఏ4 కాగితం మీద రాయండి, రెండో పేజీకి పోతే ఎవ్వలు చదవరు.

- పేరు తెలుగుల, ఇంగ్లీషుల, స్పెల్లింగుతోని
- అడ్రసు, నంబరు, పని గంటలు
- ఒక్క వాక్యం
- రంగు కోడ్లు, అంటిచ్చిన ముక్క
- రెండు ఫాంట్ల పేర్లు
- ఫోటో జాగ, టైము, ఐదు ఫోటోల వరుస
- ఏమని పిలవాలె, వాడొద్దన్న మాటలు
- వాపసు నియమం, ధర నియమం
- పార్సిల్‌ల ఏమేం ఉండాలె, ఏ వరుసల

లామినేషన్ చేయించి పార్సిల్ కట్టే కాడ గోడకు అంటియ్యండి, ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపుల పిన్ చేయండి. లోగో ఫైళ్లు, ఫాంట్లు, పీడీఎఫ్ ఒక్క డ్రైవ్ ఫోల్డర్ల పెట్టండి, ఫోన్ పోతే అన్నీ పోతయి.

## 9. మార్చేది ఒక్క రోజే

ఇయ్యాల లోగో, వచ్చే నెల పేరు, దసరాకు స్టిక్కర్ అంటే కొనేటోళ్లు ప్రతిసారీ కొత్త షాపు అనుకుంటరు. ముందు స్టిక్కర్లు, స్టాంపు, కార్డులు చేతికి రానియ్యండి. తర్వాత ఆర్డర్లు తక్కువుండే ఒక రోజు చూసి, వాట్సాప్, ఇన్‌స్టా, ఫేస్‌బుక్, గూగుల్ మ్యాప్స్ ఈ వరుసల మార్చండి. పాత కస్టమర్లకు ఒక్క మెసేజ్ చాలు, "మా షాపు పేరు ఇప్పుడు ఇది, నంబరు అదే, నేసేటోళ్లు వాళ్లే." మార్చినంక ఏడాది దాకా ముట్టుకోకండి, మీకు విసుగొచ్చే టైముకే వాళ్లకు గుర్తుండుడు మొదలైతది.

## 10. ఎక్కువగ జరిగే తప్పులు

పండుగ వస్తే రంగులన్నీ మార్చేసుడు. బతుకమ్మకు, మేడారం జాతరకు పోస్టుల ఒక్క పువ్వో, ఒక్క అంచో కలపండి, లోగో, అక్షరాలు అట్లనే ఉండాలె.

పెద్ద షాపును చూసి దింపుడు. వాళ్ల రంగు, వాళ్ల మాట మీ సరుకుకు అతకదు. రెండో పాయింటు వాక్యం తీసి మల్ల చదువుకోండి.

ఒక్క పేజీల అన్నీ అమ్ముడు. జంపఖానాల నడుమ ఇమిటేషన్ గాజులు పెడితే మీరు ఏం షాపో ఎవ్వలకు అర్థం కాదు. గాజులు అమ్మాలంటే వేరే పేజీ పెట్టుకోండి.

కొత్తగ పనికి వచ్చినామెకు ఆ కాగితం చూపియ్యకుండనే ఫోన్ చేతుల పెట్టుడు. మొదటి రెండు రోజులు ఆమె రాసిన రిప్లై మీరు చూసినంకనే పోవాలె.

ఇవి మల్ల మల్ల వస్తనే ఉంటయి, కాబట్టి ప్రతి నెల మొదటి ఆదివారం ఒక అరగంట పెట్టండి. వేరే ఊర్ల ఉన్న చుట్టాలతోని మీ షాపుల ఒక ఆర్డర్ పెట్టియ్యండి, ఇంట్ల ఎవ్వలకు చెప్పకుండ. చాట్ స్క్రీన్‌షాట్లు, పార్సిల్ విప్పేటప్పటి వీడియో తెప్పించుకొని గోడ మీది కాగితం పక్కన పెట్టి చూడండి. తేడా వచ్చిన కాడ మనిషిని అనే ముందు కాగితం మీద ఆ మాట సరిగ్గ ఉందా చూడండి, మా దగ్గర ఎక్కువసార్లు కాగితంలనే సగం రాసి ఉండేది.

పాత స్టిక్కర్లు మిగిలితే పార్సిళ్లకు వాడి అయిపోగొట్టాలని చూడకండి. ఇంట్ల పచ్చడి సీసాల మీద, నూలు కండెల డబ్బాల మీద అంటియ్యండి.